పిండిముద్దలోని తెల్ల కాయితం

సుగ్రాబీకి చదువు రాదని సూర్యాపేటలో మూసీ బాట మీదున్న ఎనిమిది షియా ఇండ్లకూ తెలుసు. ఏటేటా ఇమామ్‌కు ఆమె పెట్టుకునే అర్జీ ఎవరు రాసిపెడుతున్నారో మాత్రం ఎవ్వరికీ తెలియదు. అడిగితే "నాది నేనే రాసుకుంట" అనేది. అడిగినవాళ్లు నవ్వి ఊరుకునేవాళ్లు.

షాబాన్ నెల పదిహేనో రోజు, మనుషుల కంటికి కనబడకుండా ఉన్న పన్నెండో ఇమామ్ పుట్టినరోజు. ఎన్నటికైనా వస్తాడు, లోకంలో అన్యాయాన్ని కడిగేస్తాడు అని వాళ్ల నమ్మకం. అంతదాకా ఆయనకు కష్టసుఖాలు చెప్పుకోవాలంటే ఒక దారి ఉంది. కాయితం మీద రాసి, మడతపెట్టి, గోధుమపిండి ముద్దలో దాచి పారే నీళ్లలో వదలాలి. పిండి చేపలు తింటాయి. మాట చేరాల్సిన చోటికి చేరుతుంది.

కొత్త కోడలిగా వచ్చిన ఏడు, అందరూ రాసుకుంటుంటే సుగ్రాబీ పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది. అత్త వచ్చి గడ్డం పట్టుకుని లేపింది.

"రాయొస్తే రాయి. రాకుంటే నోటితోని చెప్పి కాయితంల ఊదు. ఆయన అక్షరాలు ఏరుకునే గుమాస్తా అనుకున్నవా?"

అప్పటినుంచి ముప్పై రెండేళ్లుగా సుగ్రాబీ తెల్ల కాయితానికి పెదవులు ఆనించి, చెప్పాల్సింది చెప్పి, పిండిలో మూసేది. ఆ సంగతి ఆమెకూ, చచ్చిపోయిన అత్తకూ, ఇమామ్‌కూ తప్ప నాలుగో మనిషికి తెలియదు.

బొంతలు కుట్టి బతికేది. కానీ ఊళ్లో ఆమెను బొంతల సుగ్రాబీ అని ఎవరూ అనలేదు. పీర్ల సుగ్రమ్మ అనే అన్నారు. ఇంటి పక్కనే మట్టిగోడల పీర్ల కొట్టం, అందులో టేకు పెట్టె, పెట్టెలో ఎర్రగుడ్డలో చుట్టిన వెండి పంజా, అంటే అయిదువేళ్ల చెయ్యి. కర్బలా యుద్ధంలో గొంతు తడవకుండా చచ్చిపోయిన హుస్సేన్, ఆయన మనుషుల జెండాకు అది గుర్తు. మొహర్రం నెలవంక కనబడ్డ అయిదోనాడు దాన్ని చింతపండుతో తోమి, పొడుగాటి వెదురుగడకు బిగించి, దట్టీలనే రంగురంగుల గుడ్డలు చుట్టి పీరుగా లేపాలి. పదోనాడు మూసీకి తీసుకుపోవాలి. నేల మీది నుంచి లేపే మొదటి పట్టు పీర్లను చూసుకునే ముజావర్ ఇంటివాళ్లదే. ఆ తర్వాత ఎవరైనా మోయొచ్చు. మోసేవాళ్లలో సగం మంది హిందువులే. మోతె దాకా ఉన్న ఊర్ల నుంచి ఎండుకొబ్బరి కుడుకలు, బెల్లం పట్టుకుని జనం వచ్చేవాళ్లు.

ఆమె భర్త మొహసిన్ ఆ కొట్టానికి ముజావర్. మూడేళ్ల కింద జ్వరంతో పోయాడు. కొడుకుల్లేరు. ఒక్కతే బిడ్డ, రుఖియా. తనను ఖాలా అని పిలిచే అక్క కొడుకు కాజిమ్‌కే ఇచ్చి పక్కింట్లోనే పెట్టుకుంది. మొహసిన్ పోయినప్పటినుంచి మొదటి పట్టు కాజిమ్ పడుతున్నాడు. పెట్టె తాళంచెవి మాత్రం సుగ్రాబీ నడుముకే.

నలభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలం పోయేటప్పటికి ఊళ్లో బతుకు బతుకులా లేదు. పగలు నిజాం రజాకార్లు, పొద్దుగూకితే కమ్యూనిస్టు సంఘపోళ్లు. ఎనిమిది ఇండ్ల మగవాళ్లు ఆ జట్టులో లేరు, ఈ జట్టులో లేరు. అందుకే రెండు జట్లకూ వాళ్ల మీద అనుమానమే. షాబాన్ పదిహేనోనాటికి మూసీ బాట మీద పహరా పెట్టారు. ఆడవాళ్లు పిండిముద్దలు చేసి పెట్టుకుని, పోయేదెట్లా అని కూర్చున్నారు.

అప్పుడు వచ్చాడు బాఖర్ అలీ. మిర్యాలగూడ మనిషి. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ అంగళ్లు తిరిగి అత్తరు, సుర్మా అమ్మేవాడు. మంచి గొంతు. ఏటికేడు మొహర్రంలో నోహాలనే శోకపాటలు పాడి ఏడిపించి పోయేవాడు.

"తట్టల పెట్టియ్యుండ్రి అమ్మా, నేను ఏసొస్త. నన్నెవరాపుతరు? సీసా మూత తీసి సూపిస్తే రజాకారుకైనా, సంఘపోనికైనా ముక్కు మెత్తబడ్తది" అన్నాడు.

అందరూ నవ్వారు. ఇరవై మూడు ముద్దలు తట్టలో పెట్టి, తడిబట్ట కప్పి ఇచ్చారు. పారే నీళ్లలో ఎవరి ముద్ద వాళ్లే వదలాలన్నది పాతమాట. ఆ ఒక్క ఏడు దాన్ని పక్కన పెట్టారు.

సుగ్రాబీ ముద్దలో ఊదిన మాట ఇది: "ఈసారి మొగోళ్లు ఉంటరో, పోతరో తెల్వది. పీరు లేపెటోడు లేకుంటే నా చేతులకే బలమియ్యి."

సెప్టెంబరులో కోదాడ దిక్కు నుంచి యూనియన్ మిలిట్రీ లారీలు వచ్చాయి. వారం తిరగకుండా రాజ్యం మారిపోయింది. రజాకారు అనుకుంటారని, తలుపులు మూసుకున్న ఇండ్లలో గడ్డం ఉన్నవాడు గీసేసుకున్నాడు, టోపీ ఉన్నవాడు రుమాలు చుట్టుకున్నాడు. పిల్లి దూకినా ఉలిక్కిపడే రోజులు. ఎవరైనా వచ్చి "మీకేం కాదు, నేనున్న" అంటే చాలు, కాళ్లు పట్టుకునేటట్టు ఉన్నారు జనం.

సరిగ్గా ఆ రోజుల్లో బాఖర్ అలీ మళ్లీ వచ్చాడు. అత్తరు పెట్టె లేదు. నెత్తికి ఆకుపచ్చ తలపాగా ఉంది. కాజిమ్ ఇంట్లో చాప మీద కూర్చుని, పరదా వెనకున్న ఆడవాళ్లను ఒక్కొక్కరినే పలకరించి, వాళ్లు షాబాన్‌లో ఇమామ్‌కు ఏం రాసుకున్నారో అచ్చంగా ఆ మాటలతోనే చెప్పాడు.

రుఖియాకు అప్పటికి రెండుసార్లు కడుపు పోయింది. "ఇంకోటి నిలవకుంటే నా మొగుడు మారుపెండ్లి చేసుకుంటడేమో, ఆ దినం నా కండ్లకు సూపియ్యకు" అని రాసుకుంది. తల్లికి కూడా చెప్పని మాట. బాఖర్ అలీ గొంతు తగ్గించి, పరదా దగ్గరికి వంగి చెప్పాడు: "ఆ దినం నీ కండ్లకు సూపియ్య బిడ్డా. నీ అర్జీ నాకే రాసినవ్. నాకే అందింది." పిల్ల గోడకు ఆనుకుని కూలబడింది. వారానికి, రెండు నెలల కడుపని ఖాయమైంది. ఇగ చెప్పేదేముంది!

పదిహేను రోజుల్లో ఎనిమిది ఇండ్లలో ఆరిండ్లవాళ్లు ఆయన చేతిలో చెయ్యి పెట్టి ఒట్టేశారు. మీరు ఎదురుచూసేది నన్నే అన్నాడు. నేను వచ్చాక ఇగ ఏడుపేంది, మొహర్రం ఏంది అన్నాడు. ఒట్టు వేయనివాళ్ల ఇంటి నిప్పు ముట్టొద్దు, నీళ్లు తాగొద్దు అన్నాడు. కాజిమ్ నాటాల్సిన మిరపనారు మడిలోనే ఎండబెట్టాడు, రేపో ఎల్లుండో లోకమే మారుతుంటే చేనెందుకని. అన్నదమ్ములిద్దరు వాకిట్లో అడ్డంగా గోడ పెట్టుకున్నారు. లగ్గం ఖాయమైన పిల్లను వద్దన్నారు, ఆమె తండ్రి ఒట్టు వేయలేదని. ఆ తండ్రి తల్లి చచ్చిపోతే శవం ఎత్తడానికి మనుషులు తక్కువపడి, సైదయ్య, అతని తమ్ముడు భుజం పట్టారు.

సైదయ్య అంటే, ఏటా పీర్ల కొట్టం ముందు నిప్పులగుండం తవ్వేవాడు. డప్పు కూడా అతనిదే. తల్లి పీరుకు మొక్కుకుంటే పుట్టాడు, అందుకే ఆ పేరు.

సుగ్రాబీతో కూడా ఒట్టు వేయించడానికి పిలిచారు. పోయింది. బాఖర్ అలీని కిందికీ మీదికీ చూసింది.

"ఇమామ్ వస్తే మక్కాల వస్తడని మా మామ చెప్పిండు. నువ్వు మిర్యాలగూడల దిగుడేంది?"

అంతే. తెల్లారి నుంచి ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. కుట్టడానికి ఇచ్చిన పాతచీరలు అడిగి తీసుకుపోయారు. మిగిలింది ఒక్కటే: ఆమె నడుముకున్న తాళంచెవి. మొహర్రం అయిదోనాడు పీరును లేపేది లేదు, పెట్టెతో సహా మూసీలో వేయాలని బాఖర్ అలీ హుకుం.

నెలవంక కనబడ్డ రెండోనాడు రుఖియా దొడ్డిదారిన వచ్చింది. నలభై రోజులైంది తల్లితో మాట్లాడి.

"అమ్మీ, ఆ పెట్టె ఇచ్చెయ్."

"కూసో. ఏమన్న తిన్నవా?"

"ఈడ తినొద్దు నేను." కడుపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడే ఉంది. "నాలుగో నెల అమ్మీ. ఎన్నడూ ఇంతదాక నిలవలే. నువ్వు ఆయనకు ఎదురు మాట్లాడి, ఆయనకు కోపమొచ్చి, నా కడుపుకేమన్న అయితే?"

సుగ్రాబీకి ఆ మాట ఎక్కడ తాకాలో అక్కడే తాకింది. సూది చేతిలోనే ఉండిపోయింది. పెట్టె ఇచ్చేస్తే ఏం పోతుంది, వెండిముక్క, గుడ్డపీలికలు అనిపించింది ఒక్క క్షణం. బిడ్డ మొఖం చూసింది. కళ్ల కింద నల్లగా అయింది.

"ఆయన అన్నడా గిట్ల? నీ కడుపు మాట?"

రుఖియా తల వంచుకుంది. "పీరు లేస్తే ఎవరింట్ల ఏం జరిగినా నన్నడగొద్దు అన్నడు."

"గట్లనా!" సుగ్రాబీ గొంతు మారింది. "కడుపుల ఉన్న పిండాన్ని అడ్డం పెట్టుకొని భయపెట్టేటోడు ఇమామ్ ఎట్లయితడే? పోలీసు అయితడు. పో బిడ్డా, ఇంటికి పోయి కడుపునిండ తిను. నీ బిడ్డను ఇచ్చినోడు వీడు కాదు. తీసుకునేటోడు వీడు కాదు. అయిదోనాడు పీరు లేస్తది."

"ఎవరు లేపుతరు? మా ఆయన లేపడు."

"లేస్తది అన్న."

మరునాడు సైదయ్య గడ్డపార పట్టుకుని వచ్చి గుండం తవ్వాడు. మధ్యాహ్నానికి కాజిమ్ వచ్చి పూడ్చాడు. సైదయ్య మళ్లీ తవ్వాడు. మర్నాడు మళ్లీ పూడ్చారు.

"నీకెందుకు లొల్లి సైదయ్యా? మా మందిల పంచాయితీ ఇది" అన్నాడు కాజిమ్.

"మా అవ్వ మొక్కింది మీ మందికి కాదు పటేలా, పీరుకు" అన్నాడు సైదయ్య, చేతుల్లో ఉమ్మేసుకుంటూ. "నువ్వు పూడ్సుకో. మిరపనారు ఎట్లాగూ ఎండింది, నీకు వేరే పని లేకపాయె. నాకు గడ్డపార ఉంది."

అయిదోనాడు పొద్దెక్కేసరికి కొట్టం ముందర జనం. బాఖర్ అలీ ముందు, మగవాళ్లు వెనక. కాజిమ్ భుజాన తాడు, పెట్టెను కట్టి మోయడానికి. ఆడవాళ్లు కొట్టం పక్క అరుగు మీద, దుప్పటి పరదా వెనక. రోడ్డవతల సైదయ్య, అతని పెండ్లాం దుర్గమ్మ, ఇంకా ఓ ఇరవై మంది హిందువులు, కుడుకల గంపలతో, ఏం జరుగుతుందోనని.

సుగ్రాబీ గడప మీద కూర్చుని చింతపండుతో పంజా తోముతోంది.

"లే సుగ్రాబీ" అన్నాడు బాఖర్ అలీ. "నేను వచ్చిన తర్వాత గుర్తులతోని పనేంది?"

"వచ్చినవ్, సూస్తున్న. కూసో. తోముడు అయిపోనియ్యి."

సైదయ్యకు నవ్వు ఆగలేదు. బాఖర్ అలీ ముక్కుపుటాలు అదిరాయి. "తాళంచెవి ఇయ్యి. నమ్మకం లేని చేతుల ఉండొద్దు అది."

"నమ్మకానికేం తక్కువ లేదు." సుగ్రాబీ పంజాను తెల్లటి గుడ్డతో తుడిచి ఒళ్లో పెట్టుకుంది. "ఒక్కటి అడుగుత. అందరి అర్జీలు చెప్పినవ్. నా దాంట్ల ఏమున్నదో చెప్పు. చెప్తే తాళంచెవి నీ చేతుల పెడ్త. పెట్టె మూసీ దాక నేనే మోస్త."

బాఖర్ అలీ తొందరపడలేదు. ఈ ప్రశ్న కోసమే ఇన్ని రోజులుగా దాచుకున్న మాట ఆయన దగ్గర ఉన్నట్టుంది. అందరి వైపూ తిరిగి చెయ్యెత్తాడు.

"వినుండ్రి. ఈమె ఏం రాయలే. ఇరవై మూడు ముద్దలల్ల ఒక్కటే తెల్ల కాయితం, అది ఈమెది. ఇమామ్‌తోని పరాచికాలాడిన మనిషి ఈమె!"

"యా అల్లా" అన్నారెవరో. కాజిమ్ ముందుకొచ్చాడు. "ఖాలా, నిజమేనా?"

"నిజమే. తెల్లదే."

"సూసిండ్రా!" కాజిమ్ కళ్లు మెరిశాయి. "గది కూడ తెలుసు ఆయనకు!"

సుగ్రాబీ లేచి నిలబడింది. పంజా రెండు చేతుల్లో ఉంది.

"కాయితం తెల్లదని చెప్పినవ్. సరే. నేను అడిగిందేందో చెప్పు."

"రాయందే ఏమడుగుతవ్?"

"నోటితోని చెప్పి ఊదిన. మా అత్త నేర్పింది. ముప్పై రెండేండ్ల సంది గంతే. ఇమామ్‌కైతే నా మాట ఇనబడాలె. తెల్లగుందని తెల్వాల్నంటే ఇమామ్ కానక్కరలే. పిండి ఇడగొట్టి, కాయితం ఇప్పి సూసినోనికి ఎవనికైనా తెలుస్తది."

మగవాళ్లలో కొందరికి ఇంకా అర్థం కాలేదు, ఒకరి మొఖం ఒకరు చూసుకుంటున్నారు. పరదా వెనక మాత్రం అర్థమైంది. దుప్పటి ఒక్క గుంజుకు కింద పడింది. రుఖియా.

"అంటే నా కాయితం నువ్వు సదివినవా?"

"అమ్మా, ఆవేశపడకు, కడుపుతోని ఉన్న..."

"నా కడుపు మాట ఎత్తకు! సదివినవా, లేదా?" రుఖియా అరుగు అంచుకొచ్చింది. "నా మొగునికి చెప్పుకోలే అది. మా అమ్మకు చెప్పుకోలే. ఇమామ్‌కు రాసుకున్న. నువ్వు కూసొని, దీపం పెట్టుకొని, నా కాయితం సదివినవా?"

కాజిమ్ "ఏం రాసినవే?" అన్నాడు. ఆమె అతని వైపు చూడను కూడా చూడలేదు.

అరుగు మీది నుంచి ఒక ముసలమ్మ లేచింది. అన్నదమ్ములు గోడ పెట్టుకున్న ఇంటి తల్లి. "మా కోడలి మీద రాసుకున్నది కూడ సదివిండా వీడు?"

పక్కనే ఉన్న కోడలు గిరుక్కున తిరిగింది. "నా మీద ఏం రాసినవ్ అత్తమ్మా?"

రోడ్డవతల సైదయ్య పగలబడి నవ్వి, దుర్గమ్మ మోచేత్తో పొడిస్తే ఆగాడు. ఆడవాళ్లు అరుగు దిగారు. పరాయి మగవాడి ఎదుట ఏనాడూ నిలబడనివాళ్లు, ముసుగు సర్దుకుంటూ వచ్చి వాకిలంతా నిండారు. తమ మనసుల్లో దాచుకున్నది ఒక అత్తరమ్మేవాడి చేతుల్లో కాయితాలై నలిగిందన్న మంట వాళ్లది. ఇమామ్ వచ్చాడా, రాలేదా అన్న వాదన మగవాళ్లకు వదిలేశారు.

"ఇది పరీక్ష" అన్నాడు బాఖర్ అలీ. "నమ్మేటోళ్లను, నమ్మనోళ్లను..."

"నా కాయితం నాకియ్యి" అంది రుఖియా. "ఎక్కడ పెట్టినవ్? ఇయ్యి."

ఆయన నాలుగడుగులు వెనక్కి వేశాడు. ఇద్దరు మగవాళ్లు ఇంకా ఆయన పక్కనే నిలబడ్డారు. మిగిలినవాళ్లు ఎటూ కదల్లేదు.

సుగ్రాబీ ఇవేవీ పట్టించుకోలేదు. వెదురుగడకు పంజా బిగించింది. దట్టీలు ఒకదాని మీద ఒకటి చుట్టింది: ఎరుపు, పచ్చ, నలుపు. కట్టిన తర్వాత కాజిమ్ వైపు చూసింది. మొదటి పట్టు వాడిదే ఈ మూడేళ్లూ. వాడు భుజాన తాడుతో, తల వంచుకుని అట్లాగే ఉన్నాడు. ఎంతసేపు చూడాలి?

"బిస్మిల్లా" అని వంగి, గడ కింద చేతులు వేసింది.

లేవలేదు. దట్టీల బరువంతా పైకొసనే ఉంటుంది. రెండోసారి లేపితే మోకాలెత్తుకు లేచింది, పక్కకు వాలింది. వాలిన వైపు రుఖియా చెయ్యి పడింది.

"నువ్వొద్దు, ఇడువు! నాలుగో నెల!" అరిచింది సుగ్రాబీ.

"నా చెయ్యి ముజావర్ ఇంటిది కాదా?" అంది రుఖియా. కానీ బరువు పట్టకుండా, ఊతంగా మాత్రం ఆనించింది. ఇంకో చెయ్యి వచ్చింది, ఇంకోటి. గోడ పెట్టుకున్న ఇంటి అత్తాకోడళ్లు చెరోవైపు, ఇంకా పోట్లాడుకుంటూనే పట్టారు. పీరు లేచింది. పంజా మీద ఎండ పడింది.

"యా హుస్సేన్!" అన్న కేక ఆడగొంతులతో మొదలైంది. సైదయ్య డప్పు మీద దెబ్బ వేశాడు.

"గడ్డపార అక్కరకొచ్చింది బీబమ్మా!"

"వాయించుర, మాట్లాడకు!" అంది సుగ్రాబీ.

బాఖర్ అలీ ఆ మధ్యాహ్నమే కోదాడ బస్సెక్కాడు. ఆ వారంలోనే రెండు ఇండ్లవాళ్లు తాళాలు వేసుకుని ఆయన వెంట పోయారు. మళ్లీ రాలేదు. తెగిన సంబంధం తెగిపోయింది. వాకిట్లో పెట్టిన గోడను కూల్చుదామని అన్నదమ్ములు చాలాసార్లు అనుకున్నారు, కూల్చలేదు. కాజిమ్ రెండు నెలలు అత్త మొఖం చూడలేదు. ఒకరోజు పొద్దున వచ్చి, కొట్టం మీది పెంకులు సర్ది పోయాడు. సుగ్రాబీ జొన్నరొట్టె పంపింది. తిన్నాడు.

వేసవిలో రుఖియాకు ఆడపిల్ల పుట్టింది.

మరుసటి షాబాన్ పదిహేనోనాడు మూసీ బాట మీద పహరా లేదు. పొద్దున్నే పిండి తడిపి కూర్చున్నారు తల్లీబిడ్డలు. రుఖియా చేతిలో కలం ఉంది, పక్కన సిరాబుడ్డి ఉంది. కాసేపు కాయితం వైపు చూసి, కలం కింద పెట్టింది. కాయితం పెదవుల దగ్గరికి తీసుకుని ఏదో చెప్పి, మడిచింది. సుగ్రాబీ చూసీ చూడనట్టు తన ముద్ద తను చేసుకుంది.

మొహర్రంలో ఎవరు లేపుతారన్న మాటే ఈసారి లేదు. ఆ బలం అడగాల్సిన పని లేకపోయింది. అడిగింది వేరే ఏదో.

బయట కాజిమ్ తట్ట పట్టుకుని నిలబడ్డాడు. ఆరిండ్ల ఆడవాళ్లూ ముసుగులు వేసుకుని వాకిట్లోకి వచ్చారు.

"ఎండ దంచుతుంది. పసిపిల్లతోని మీరెందుకు అంతదూరం?" అన్నాడు కాజిమ్. "తట్టల పెట్టియ్యుండ్రి, నేనే ఏసొస్త."

రుఖియా రెండు నెలల పిల్లను తెచ్చి వాడి చేతుల్లో పెట్టింది.

"నువ్వు పిల్లను పట్టుకో" అంది. "మా ముద్దలు మేమే ఏస్తం."